వెయ్యి హెర్ట్జ్‌కు ఇవతలి పాట

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎదుటి భవనం మొదటి అంతస్తుకు కొత్త బోర్డు కనిపించింది. చెవి మిషన్ల దుకాణం. పోయిన వినికిడి పూర్తిగా తిరిగి వస్తుందని పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ వాక్యంలో ‘పూర్తిగా’ అన్న మాట దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. కొలత పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో సరిచూడటం నా వృత్తి; వాక్యాలను కూడా అలాగే సరిచూడటం దానివల్ల అంటుకున్న జబ్బు. పైకి వెళ్ళి, ఏ ఆధారంతో రాశారని అడగాలనిపించింది.

పక్కన మాస్టారు ఉండి ఉంటే వెళ్ళనిచ్చేవారు కాదు. “వద్దు మేడం. ఆయన అమ్ముకునేటోడు, మీరు పరీక్ష పెట్టేటోళ్ళు. మీ ఇద్దరి పంచాయతి ఇయ్యాల ఒడువది. చాయ్ తాగుదం నడువున్రి” అని పంజగుట్ట వైపు దారి తీసేవారు. పోయిన ఏడాది ఆయన కన్నుమూశారు. నేను ఒక్కదాన్నే పంజగుట్ట వైపు నడిచాను.

పంజగుట్ట సందుల్లో ఒక చిన్న చర్చిలో ఆయన క్వయర్, అంటే పాటల బృందం, నడిపేవారు. బతుకుతెరువు మాత్రం జనరేటర్ల మరమ్మతు. కరెంటు కోతల కాలంలో అమీర్‌పేటలోని ప్రతి కోచింగ్ సెంటర్‌కూ మెట్ల కింద ఒక డీజిల్ జనరేటర్ ఉండేది. పైన కంప్యూటర్ పాఠాలు ఆగకుండా ఉండాలంటే కింద ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉండాల్సి వచ్చేది. ఆ వేడిలో, ఆ హోరులో ఆయన నడివయసంతా గడిచింది. ఆదివారం వచ్చేసరికి తెల్ల చొక్కా, జేబులో బిస్కెట్టంత పిచ్ పైపు. దాన్ని నోటితో ఊది శ్రుతి అందించి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలోంచి ఏదో సన్నని దారం లాగుతున్నట్టు పాట మొదలుపెట్టేవారు. ఎవరైనా శ్రుతి తప్పితే ఆ వేళ్ళు విడిపోయేవి. తిట్టు ఆ తర్వాత వచ్చేది.

“టెనర్లూ, ఏమైంది? పొద్దుగాల ఇంట్ల అన్నం పెట్టలేదా మీకు? ఆల్టోలు, మీరు పాడుతున్నరా, పక్కింటోళ్ళ ముచ్చట చెప్పుకుంటున్నరా?”

ఆడవాళ్ళ కింది గొంతులైన ఆల్టో వరుసలో ఆయన భార్య కూడా ఉండేది. తిట్టులో ఆమెకు మినహాయింపు ఉండేది కాదు.

మా అపార్ట్‌మెంట్‌కూ ఆ చర్చి హాలుకూ మధ్య ఒక గోడే అడ్డు. శనివారం సాయంత్రపు సాధన శబ్దం మితిమీరుతోందని మా అసోసియేషన్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది. ధ్వని కొలిచే మీటరు నా దగ్గర ఉందని అందరికీ తెలుసు కనుక, కొలిచి చెప్పే పని నాకు అప్పగించారు. ఫిర్యాదులో నిజం లేదని తేలింది. గోడకు ఇవతల మావాళ్ళ టీవీలే ఎక్కువ మోగుతున్నాయి. అయితే హాల్లో కూర్చుని కొలుస్తున్నప్పుడు తెర మీద మరో సంగతి కనిపించింది.

ఆ మీటరు మొత్తం శబ్దం ఎంతో చెప్పి ఊరుకోదు. ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శబ్దం ఉందో నిలువు గీతలుగా కూడా చూపుతుంది. మంద్రం ఎడమవైపు, తారం కుడివైపు. మామూలుగా పాటలో కుడి చివరి గీతలు పొట్టిగా ఉంటాయి. ఇక్కడ ‘స’ వచ్చినప్పుడల్లా అవి తెర అంచుదాకా ఎగిసిపడుతున్నాయి. నా చెవీ అదే చెప్పింది. సంతోషం అన్నా, సిలువ అన్నా, స్తోత్రం అన్నా క్వయర్ మొత్తం బుస కొడుతోంది. ఈ బుస ఆదివారం ఆరాధనలో కూడా వినిపిస్తుండటంతో సంఘపెద్దలు మైకులు మార్పించారట. ఆ సాయంత్రం మాత్రం మైకు లేనేలేదు. కనుక దోషం మైకుది కాదు.

ఎవరిదో అప్పుడే తెలిసింది. పాట మధ్యలో ఆయన వేళ్ళు విడిపోయాయి.

“అక్షరాలు మింగుతున్నరు! ‘స’ ఏడ పోయింది? చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. గట్టిగ పలకున్రి!”

అందరూ ఇంకా గట్టిగా బుస కొట్టారు. ఒక్క అమ్మాయి కొట్టలేదు. ఆమె పేరు రూత్. వరంగల్ నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో ఉంటూ నర్సింగ్ చదువుతోంది. పై గొంతుల్లో అందరికంటే మంచి గొంతు ఆమెదే.

“రూత్, పెదవులు ఆడుతున్నయి గని అక్షరం వస్తలేదు” అన్నారాయన.

“వస్తున్నది అంకుల్. ఇంతకంటె గట్టిగంటె పాములోళ్ళ పెట్టె తెరిచినట్టుంటది.”

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “పాములా? అయితె నువ్వు వెనక వరుసకు పో. వార్షికోత్సవం నాడు ఒంటిగ పాడే చరణం నీకు లేదు.”

రూత్ పాటల పుస్తకం మూసి కుర్చీలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సాధన ముగిశాక ఆయనా, భార్యా నన్ను మెయిన్ రోడ్డు మీది ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళారు. ఫిర్యాదు కొట్టివేసినందుకు కృతజ్ఞత అన్నమాట. ఆయన ఫ్యాన్‌కు దూరంగా, గోడకు వీపు ఆనించి కూర్చునే చోటు వెతుక్కున్నారు. నేను మామూలు గొంతుతో ఏదో అడిగాను.

“ఏమంటున్నరు? గట్టిగ చెప్పున్రి మేడం.”

గొంతు పెంచాను.

“ఒర్లుతరెందుకు? నేను చెవిటోన్నా?”

ఆయన భార్య సాసర్‌లో చాయ్ పోసుకుంటూ నావైపు చూసింది. “చూసిన్రా? రోజు గిదే నా బతుకు. మెల్లగ మాట్లాడితె నువ్వేమనలే అంటడు. గట్టిగ మాట్లాడితె కొట్లాటకొచ్చిన అంటడు. మధ్యల ఉన్న గొంతు నేనేడికెళ్ళి తేవాలె?”

ఆమె అనుకుంటున్నట్టు అది ఆయన కోపిష్టితనం కాకపోవచ్చని నాకు అనిపించింది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న ఒక సన్నని గొట్టం ఉంటుంది. దాని పొడవునా ఒక పొర, ఆ పొర మీద వరుసలుగా రోమకణాలు. తారధ్వనులు గొట్టం ముఖద్వారం దగ్గరే ఆ పొరను ఎక్కువగా ఊపుతాయి. మంద్రధ్వనులు ప్రయాణం చేసి లోపలి కొస దగ్గర ఊపుతాయి. అంటే ప్రతి స్వరానికీ అక్కడ ఒక స్థలం ఉంది. రోమకణాల్లో బయటి వరుసల వాటికి ఇంకొక పని కూడా ఉంది. సన్నని శబ్దం వస్తే అవి తామే కదిలి దాన్ని పెంచుతాయి. పెద్ద శబ్దం వస్తే జోక్యం చేసుకోవు. అవి చచ్చిపోతే సన్నని శబ్దం అసలు అందదు, పెద్ద శబ్దం మాత్రం అంతే పెద్దగా తగులుతుంది. వినపడకపోవడానికీ భరించలేకపోవడానికీ మధ్య జాగా ఇరుకైపోతుంది. ఆమె వెతుకుతున్న గొంతు ఆ ఇరుకులో ఉంది.

ఇదంతా ఊహ. కొలిస్తే తప్ప నేను ఏదీ అనను. అందుకే ఆ మాట అనకుండా, “చెవి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా మాస్టారూ?” అని అడిగాను.

ఆయన కప్పు కింద పెట్టారు. “నాకు ఇనవస్తది మేడం. ఇనవస్తది గని, ఏమన్నరో తెలుస్తలేదు. పిల్లలు సరిగ పలుకుతలేరు. టీవీల సుత గంతే, ఎవ్వరు సక్కగ మాట్లాడుతలేరు.” కాసేపటికి, భార్య చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్ళాక, గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. “పరీక్షల పోయిందని వచ్చిందనుకోన్రి. చెవులు లేనోన్ని క్వయర్ ముంగట ఎవరు నిలవెడ్తరు? జనరేటర్లు పోయినయి, ఫికర్ లేదు. గిది పోతె నాకింకేముంది?”

నేను ఆయనకు ధైర్యం చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. మర్నాటి సాయంత్రం ఎవరూ లేని హాలుకు రమ్మని మాత్రం అడిగాను.

ఆయన వచ్చారు. మీటరును బల్ల మీద పెట్టి, “మీరే ఏదైనా పాడండి” అన్నాను. పాడారు. ఎడమవైపు గీతలు లేచాయి. చిన్నపిల్లవాడిలా సంబరపడి, గొంతు పైకీ కిందికీ తిప్పి గీతలను పరుగెత్తించారు. తర్వాత, “ఇప్పుడు ఒక్క ‘స్’ శబ్దం పట్టుకుని ఉండండి” అన్నాను. పట్టుకున్నారు. కుడి చివరి గీతలు నిలువునా లేచి తెర పైఅంచు తాకాయి.

ఆయన శ్వాస ఆపేశారు. గీతలు పడిపోయాయి. మళ్ళీ ఊదారు. మళ్ళీ లేచాయి. మూడోసారి ఊదుతూ ఒక చెవి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టుకున్నారు.

“గింతున్నదా?” అన్నారు.

“అంత ఉంది.”

“నాకు దూరంల ఎవరో చీపురుతోని ఊడుస్తున్నట్టున్నది.” తెర కుడి అంచును వేలితో తాకారు. “అయితె గా పోరి అన్నది నిజమే. పాములే.” ఆ తర్వాత, “నా చెవి పోయిందంటరా మేడం?”

“నేనలా అనలేదు. మీ చెవిని నేనింకా కొలవలేదు.”

“మీతోని గిదే తిప్పలు” అన్నారు. కానీ ఆ వారమే పరీక్షకు వెళ్ళారు.

గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో ఆయన్ను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపిస్తే నొక్కమని ఒక బటన్ ఇచ్చారు. బయటికి వచ్చాక ఎలా ఉందని అడిగాను. “మొదలు పెద్ద గంటలు. తర్వాత చిన్న గంటలు. తర్వాత ఇంక చిన్న పిట్టలు. ఆఖరుకు పిట్టలన్ని లేచిపోయినయి, నేను బటన్ పట్టుకొని ఉత్త చెట్టు కింద కూసున్న” అన్నారు. పరీక్ష చేసిన అమ్మాయి గ్రాఫు మా చేతికిచ్చి, చెవి మిషన్ గురించి ఆలోచించమని చెప్పింది. రెండు చెవులదీ దాదాపు ఒకటే కథ: వెయ్యి హెర్ట్జ్ దాకా గీత దాదాపు సమతలంగా నడిచి, ఆ తర్వాత వంగి, రెండువేలు దాటాక కొండ అంచులా జారిపోయింది. గీత ఎంత దిగితే వినికిడి అంత తక్కువ.

హోటల్లో ఆ కాగితం ఆయన ముందు పరిచాను. ఆయన జారుడు వైపే చూస్తున్నారు. నేను పెన్సిల్‌తో దాని మీద క్వయర్ గొంతుల చోట్లు గీయడం మొదలుపెట్టాను. మగవాళ్ళ మంద్ర గొంతులు, బేస్, ఇక్కడ, కొసాన ఎడమవైపు. వాళ్ళ పై గొంతులు, టెనర్లు ఇక్కడ. మీ ఇంటావిడ వరుస ఇక్కడ. ఆడవాళ్ళ పై గొంతులు, సొప్రానోలు, ఎంత పైకి పోతారో పిచ్ పైపు మీద ఊది చూపమన్నాను. ఊదారు. దీనికి పై స్థాయి అన్నారు. అది తొమ్మిది వందల హెర్ట్జ్ లోపే. పెన్సిల్ మొనను అక్కడ ఆపాను. గీత ఇంకా జారడం మొదలుపెట్టలేదు.

“రూత్ గొంతు ఇదేనా? గిక్కడనేనా?”

“ఆమె పాడే అతి పై స్వరం ఇక్కడే. ‘స’ మాత్రం నాలుగువేలు దాటాక, అక్కడెక్కడో ఉంటుంది.” కాగితం కుడి అంచును వేలితో చూపాను.

పెన్సిల్ చుక్కకూ, నా వేలికీ మధ్య ఉన్న ఖాళీని ఆయన రెండు మూడు సార్లు కళ్ళతోనే నడిచారు. “అయితె పాట ఉన్నది” అన్నారు మెల్లగా. “అక్షరాలు పోయినయి.”

దీనికి నేను వెంటనే ఒప్పుకోలేదు. స్వరంలో మూలధ్వని ఒక్కటే ఉండదు, పైన మెరుపులాంటి ఉపధ్వనులుంటాయి, అవి మీకు అందవు. పైగా రోమకణాలు దెబ్బతింటే దగ్గరి స్వరాలు కలిసిపోయి వినిపించవచ్చు. ఈ గ్రాఫు అవేవీ చెప్పదు అన్నాను. ఆయన ఓపికగా విని, “మేడం, మంచి మాట చెప్పినప్పుడు జర ఒక నిమిషం సంతోషపడనియ్యున్రి, తర్వాత పరీక్ష పెట్టున్రి” అన్నారు.

పెట్టాను. హాల్లో కీబోర్డు దగ్గర నేను కూర్చున్నాను. ఆయన నాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఒక స్వరం వాయించి, దాన్నే పక్కనున్న శ్రుతి మీటతో వెంట్రుకవాసి పెంచో తగ్గించో మళ్ళీ వాయించాను. ఒక్కోసారి అసలు మార్చకుండానే వాయించాను. క్వయర్ పాడే మేర అంతటా ఆయన ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కీబోర్డు కుడి చివరి మెట్ల దగ్గర మాత్రం తడబడ్డారు. అక్కడ సగానికి సగం తప్పారు. అక్కడ ఏ మనిషి గొంతూ చేరదు. అప్పుడు ఒప్పుకున్నాను. “పాట ఉంది మాస్టారూ.”

ఆ రోజు నుంచి ఆయనకు చెవి గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి పుట్టింది. ప్రతి చాయ్‌కూ ఒక ప్రశ్న. జనరేటర్‌ది మందమైన మోత కదా, మరి కింది స్వరాలు బాగుండి పైవి ఎందుకు పోయినట్టు? ఆయనే జవాబు కూడా తయారుచేసుకున్నారు. “దర్వాజ కాడ గచ్చు ముందుగాల అరుగుతది. పై స్వరాల జాగ దర్వాజ కాడనే ఉన్నదంటిరి. వచ్చేటి మోతంత దాన్ని తొక్కుకుంటనే పోతది.”

“వినడానికి బాగుంది. నిరూపణ లేదు” అన్నాను. జనరేటర్ హోరులో ఇనుము చప్పుడూ, ఈలలూ ఉంటాయి. చెవి రంధ్రం తన ఆకారం వల్ల మూడువేల దగ్గరి ధ్వనిని పెంచి లోపలికి పంపుతుంది. ద్వారం దగ్గరి కణాలు సహజంగానే నాజూకు. వయసు కూడా అదే వైపు నుంచి తింటూ వస్తుంది. జనరేటర్ వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది నేను చెప్పలేను.

“అవి మళ్ళ మొలవ్వా?”

“మనుషుల్లో మొలవవు. పక్షుల్లో మొలుస్తాయి. కోడి చెవిలో రోమకణాలు చచ్చిపోతే కొత్తవి వస్తాయని ప్రయోగాల్లో చూశారు.”

ఆయన ఈ ఒక్క సంగతికి నిజంగా నొచ్చుకున్నారు. “కోడికిచ్చిండా? పొద్దుగాల లేచి ఒర్లుడు తప్ప దానికేం పని? ఆదివారం ప్రార్థనల దీని గురించి జర గట్టిగనే అడగాలె.”

మరోసారి, సొప్రానో వరుస బలంగా వినిపించాలని ఆయనకు పట్టుదల కలిగింది. ఇద్దరున్న చోట నలుగురిని పెడితే రెట్టింపు వినిపిస్తుందన్నారు. కాదన్నాను. మన చెవి శబ్దాన్ని కూడికగా కాక హెచ్చవేతగా తీసుకుంటుంది. రెట్టింపు పెద్దగా అనిపించాలంటే సుమారు పది రెట్ల గొంతులు కావాలి. ఆయన లెక్కవేసుకుని, హాల్లోని కుర్చీలవైపు చూసి, “అయితె మిగిలినోళ్ళను మెల్లగ పాడమంటె పాయె” అన్నారు. ఆ ఆలోచనలో నాకు తప్పు దొరకలేదు.

చెవి మిషన్‌తో మొదటి వారం యుద్ధమే. స్టీలు గిన్నెలు, ఆటో బ్రేకులు, భార్య గాజులు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. “గిన్ని చప్పుళ్ళ మధ్య బతుకుతున్నరా మీరంత?” అని ఆశ్చర్యపోయారు. మాటలు కొంత మెరుగుపడ్డాయి. పాట మాత్రం దానిలో రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపించింది. క్వయర్ ముందు దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. అంటే ‘స’ మళ్ళీ పోయింది.

ఆ ఖాళీని ఆయన నింపిన పద్ధతే నాకు అన్నిటికంటే గుర్తు. శనివారం సాధనకు ముందు స్వయంగా మధురానగర్ హాస్టల్‌కు వెళ్ళి, గేటు దగ్గర విజిటర్ల బెంచీ మీద కూర్చుని రూత్‌ను పిలిపించారు. ఆ అమ్మాయి నాకు తర్వాత చెప్పింది. ఆయన మడిచి పెట్టుకున్న గ్రాఫు విప్పి మోకాలి మీద పరిచారట. “గీడిదాక నాది. గీడికెళ్ళి నాతోని కాదు. గా పైదంత నీ డ్యూటీ. నువ్వు ముంగట నిలవడాలె. నేను గట్టిగ పలకమన్నా నువ్వు వద్దనాలె.” అంతే. అంతకుమించి ఏమీ అనలేదు. రూత్ మాత్రం వెంటనే దిగిరాలేదు. “అంకుల్, అందరి ముందల వెనకకు పొమ్మన్నరు. అందరి ముందల పిలువున్రి.” పిలిచారు. సాధన మొదట్లోనే, అందరూ చూస్తుండగా, జారిపోయిన గీతను అందరికీ చూపించి మరీ పిలిచారు. ఎవరు ఏమంటారో అని ఆయన భయపడిన కాగితం అదే. టెనర్ వరుసలోంచి ఒకాయన, “అంకుల్, అయితె ఇన్ని దినాలు మేం తిన్న తిట్లు వాపస్ తీసుకుంటరా?” అని అడిగాడు. “శ్రుతికి తిట్టినయి ఉంచుకోన్రి. అక్షరాలయి వాపస్” అన్నారాయన.

వార్షికోత్సవం ఆదివారం నేను చివరి వరుసలో కూర్చున్నాను, బల్ల మీద మీటరు పెట్టి రికార్డు చేస్తూ. రూత్ ఆ చరణం పాడింది. బుస లేదు. కుడివైపు గీతలు అవసరమైనంత లేచి, అవసరమైనప్పుడు పడ్డాయి.

ఆరాధన ముగిశాక ఆవరణలో క్వయరంతా ఆయన చుట్టూ చేరింది. పాట ఎలా వచ్చిందో తీర్పు చెప్పడం ఎప్పుడూ ఆయన వంతే. ఆయన రూత్‌వైపు తిరిగారు. “చెప్పు. ఎట్లొచ్చింది?”

రూత్ ఒకసారి అందరి ముఖాలూ చూసింది. “అక్షరాలు మంచిగొచ్చినయ్ అంకుల్. గని చివరి చరణంల మీరు ఉరికిన్రు. మేం వెనకవడి అందుకునుడే సరిపోయింది.”

ఆయన భార్య నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నావైపు చూశారు. “మేడం, మీ మిషన్ల ఉన్నదా గిది?”

రికార్డు వెనక్కి తిప్పి చివరి రెండు చరణాలూ పోల్చి చూశాను. “ఉంది మాస్టారూ. బాగానే ఉరికారు.”

“మస్తు సంతోషమైంది గావచ్చు నాకు, గందుకే” అన్నారు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశారు. రూత్‌ను భుజం పట్టి తన చోట నిలబెట్టి, తాను నడిచి వెళ్ళి బేస్ గొంతుల వరుసలో చివర నిలబడ్డారు. “మళ్ళొకసారి పాడుదం. గీసారి అందరు ఈమె చెయ్యి చూడున్రి.”

రూత్ చెయ్యి ఎత్తింది. పాట మొదలైంది. నాలుగు గొంతులూ కలిసి రెండు పంక్తులైనా దాటలేదు, ఆమె ఆపేసింది.

“అంకుల్, మీరు జర తగ్గాలె. బేస్‌ల మీరొక్కరే ఇనవడుతున్నరు.”

ఆయన పక్కవాళ్ళవైపు గర్వంగా చూశారు. “ఇన్నరా? దీని చెవి చూడున్రి!” అన్నారు. గొంతు తగ్గించారు. రెండోసారి పాట ఎక్కడా ఆగలేదు.